1876లో పుట్టిన కళల బడి, ఏడు రోజుల్లో మూత

2024 మే 31, శుక్రవారం సాయంత్రం. ఫిలడెల్ఫియాలోని యూనివర్సిటీ ఆఫ్ ద ఆర్ట్స్ విద్యార్థుల ఫోన్లలో ఒక వార్త తిరగడం మొదలైంది. వాళ్ల యూనివర్సిటీ జూన్ 7న శాశ్వతంగా మూతపడుతోంది! యాజమాన్యం పిల్లలకు చెప్పకముందే ఆ సంగతి ఫిలడెల్ఫియా ఇంక్వైరర్ పత్రికలో వచ్చేసింది. చాలామంది అధ్యాపకులకు కూడా తమ ఉద్యోగం పోతోందని తెలిసింది ఆ వార్త చూశాకే.

తర్వాతి రోజులు ఇంకా ఘోరం. యూనివర్సిటీకి గుర్తింపు ఇచ్చే మిడిల్ స్టేట్స్ కమిషన్ జూన్ 1 నుంచి ఆ గుర్తింపును వెనక్కి తీసుకుంది. జూన్ 3న ఆన్‌లైన్‌లో సమావేశం పెట్టి అన్నీ చెప్తామన్నారు. తీరా అందరూ లాగిన్ అయ్యే వేళకు, మొదలవడానికి కొద్ది నిమిషాల ముందు, దాన్ని రద్దు చేశారు. జూన్ 4న అధ్యక్షురాలు రాజీనామా చేశారు. ఆమె పదవిలోకి వచ్చి అప్పటికి ఏడాది కూడా నిండలేదు. సుమారు 1,150 మంది విద్యార్థులు, 700 మంది దాకా సిబ్బంది. ఎవరికీ ఏం చెయ్యాలో పాలుపోలేదు.

ఆ వారం గురించి చాలామంది రాశారు. నన్ను ఎక్కువగా పట్టుకున్నది మాత్రం అంతకు ముందటి కథ. ఈ బడి ఎందుకు పుట్టింది, ఎవరి నీడన పెరిగింది, ఆ నీడ ఎప్పుడు పోయింది అని వెతుక్కుంటూ వెళ్తే డబ్బు కష్టాలకు మూలం అక్కడ కనిపిస్తుంది.

అమెరికా స్వాతంత్ర్యానికి వందేళ్లు నిండిన సందర్భంగా 1876లో ఫిలడెల్ఫియా ఫెయిర్‌మౌంట్ పార్కులో పెద్ద ప్రపంచ ప్రదర్శన పెట్టారు. వచ్చిపోయిన జనం లెక్క కోటి దాకా తేలింది. యంత్రాల విషయంలో అమెరికా తల ఎత్తుకునే ఉంది. గుడ్డలు, తివాచీలు, పింగాణీ, ఇంటి సామాను దగ్గరికి వచ్చేసరికి ఐరోపా సరుకు పక్కన తమ సరుకు వెలవెలబోతోందని వాళ్లకే అనిపించింది. అప్పట్లో ఫిలడెల్ఫియా అంటే మిల్లుల ఊరు. మగ్గం తిప్పేవాళ్లకు కొదవ లేదు, కొరతల్లా ఆ మగ్గం మీద ఏ డిజైన్ నెయ్యాలో గీసి ఇచ్చేవాళ్లకే. లండన్‌లో సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియం అప్పటికే దారి చూపింది. మంచి వస్తువులను ఒకచోట చేర్చి, వాటి పక్కనే డిజైన్ నేర్పే బడి పెట్టడం అక్కడి పద్ధతి. ఆ నమూనాలోనే 1876లో పెన్సిల్వేనియా మ్యూజియం అండ్ స్కూల్ ఆఫ్ ఇండస్ట్రియల్ ఆర్ట్ మొదలైంది.

పేరులోనే ఉంది చూడండి, మ్యూజియం అండ్ స్కూల్. రెండూ ఒకే సంస్థ. ప్రదర్శన కోసం కట్టిన మెమోరియల్ హాల్‌లో మ్యూజియం పెట్టారు. ఇవాళ ప్రపంచం నలుమూలల నుంచి జనం చూడటానికి వచ్చే ఫిలడెల్ఫియా మ్యూజియం ఆఫ్ ఆర్ట్ అదే. అంటే అంత పెద్ద మ్యూజియం, మూతపడ్డ ఈ యూనివర్సిటీ, రెండూ ఒక తల్లి బిడ్డలు. బట్టల డిజైన్, నేత నేర్పిన విభాగం కూడా తర్వాత విడిపోయి సొంత కాలేజీ అయింది. అదిప్పుడు థామస్ జెఫర్సన్ యూనివర్సిటీలో భాగం.

1893లో బడి బ్రాడ్ స్ట్రీట్, పైన్ స్ట్రీట్ కలిసే మూలకు వచ్చింది. అక్కడి భవనం అంతకుముందు వినికిడి లేని పిల్లల పాఠశాల. 1820లలో దాన్ని జాన్ హావిలాండ్ డిజైన్ చేశాడు. ఊళ్లోని ఈస్టర్న్ స్టేట్ జైలు కట్టడం కూడా ఆయనదే. గ్రీకు గుడిలా ముందు వరసగా లావుపాటి రాతి స్తంభాలు, వాటి కింద వీధిలోకి దిగే వెడల్పాటి మెట్లు. తర్వాతి కాలంలో దానికి హామిల్టన్ హాల్ అని పేరు పెట్టారు. క్లాసుకూ క్లాసుకూ మధ్య పిల్లలు కూర్చునేది ఆ మెట్ల మీదే. 2024 జూన్‌లో ప్లకార్డులు పట్టుకుని నిలబడిందీ అక్కడే.

నగరం మధ్యలో ఉండటం వల్ల చదువు ఎలా మారుతుందో చెప్పాలంటే నాకు మొదట గుర్తొచ్చేది అలెక్సీ బ్రోడోవిచ్. రష్యాలో పుట్టి, పారిస్‌లో పోస్టర్లు గీసి, 1930లో ఇక్కడికి ప్రకటనల డిజైన్ నేర్పడానికి వచ్చాడు. పిల్లల్ని గదిలో కూర్చోబెట్టి పాత బొమ్మలు కాపీ చేయించడం ఆయనకు నచ్చలేదు. వాళ్లను వెంటబెట్టుకుని ఫ్యాక్టరీలకు, ల్యాబులకు, దుకాణాలకు, జూకు, చివరికి చెత్త పోసే చోట్లకు కూడా తీసుకెళ్లేవాడు. చూసింది గియ్యమనేవాడు. కానీ చూసినట్టే గియ్యకూడదు, అందులో కొత్తది పట్టుకోవాలి. అలా ఆయన దగ్గర చదివినవాడే ఇర్వింగ్ పెన్. తర్వాత 20వ శతాబ్దపు గొప్ప ఫోటోగ్రాఫర్లలో ఒకడయ్యాడు. 1941లో ఇదే బడిలో చేరిన మొదటి రోజే స్టాన్, జాన్ అనే ఇద్దరు కుర్ర విద్యార్థులు కలుసుకున్నారు. పెళ్లి చేసుకుని, ఎలుగుబంటి కుటుంబం కథలతో కొన్ని తరాల పిల్లల్ని నవ్వించిన బెరెన్‌స్టెయిన్ దంపతులు వాళ్లే.

1964లో మ్యూజియం నుంచి బడి వేరుపడి ఫిలడెల్ఫియా కాలేజ్ ఆఫ్ ఆర్ట్ అయింది. అందరూ దీన్ని ఎదుగుదలగానే రాస్తారు, ఒక రకంగా నిజమే. కానీ విలువైన కళాఖండాలు, వాటిని చూసి విరాళాలు ఇచ్చే పాత ధనిక కుటుంబాలు, నగరంలో ఆ పలుకుబడి, అన్నీ మ్యూజియం వైపే ఉండిపోయాయి. బడి వాటాకు వచ్చినవి పాత భవనం, అధ్యాపకులు, పిల్లలు కట్టే ఫీజులు. ఆ వాటాతోనే అది మరో 60 ఏళ్లు బతికింది. ఈ మలుపుకు చరిత్రలో ఇవ్వాల్సినంత చోటు ఇవ్వలేదని నా అభిప్రాయం.

సంగీతం పాయ వేరు. 1870లో పుట్టిన ఫిలడెల్ఫియా మ్యూజికల్ అకాడమీ, 1877 నాటి కన్సర్వేటరీ 1962లో కలిసిపోయాయి. ఆ తర్వాత డాన్స్ అకాడమీ వచ్చి చేరింది, నాటకం చేరింది. పియానిస్టు ఆండ్రే వాట్స్, బేస్ వాద్యకారుడు స్టాన్లీ క్లార్క్, నర్తకి జూడిత్ జామిసన్ ఈ పాయలోంచి వచ్చినవాళ్లే. 1985లో ఆ బొమ్మలు గీసే కాలేజీ, ఈ ఆటపాటల కాలేజీ ఒకటయ్యాయి. 1987లో యూనివర్సిటీ హోదా వచ్చింది. కుంచె, రాగం, అడుగు, డైలాగు ఒకే వీధిలో నేర్పే అరుదైన చోటు అది. మ్యూజిక్ విద్యార్థి వాయిస్తుంటే డాన్స్ విద్యార్థి ఆడేవాడు, ఆ ప్రోగ్రాంకు పోస్టర్ డిజైన్ విద్యార్థి వేసేవాడు. 1990లలో నగరం దక్షిణ బ్రాడ్ స్ట్రీట్‌కు అవెన్యూ ఆఫ్ ద ఆర్ట్స్ అని పేరు పెట్టుకుందంటే, ఆ వీధి పొడవునా ఈ పిల్లల సందడి ఉండటం కూడా ఒక కారణం.

ఇలాంటి చదువు ఖర్చుతో కూడుకున్నది. వయొలిన్ పాఠం ఒక గురువు, ఒక శిష్యుడు కూర్చుని చెప్పుకోవాల్సిందే, వందమందిని హాల్లో కూర్చోబెట్టి చెప్తే కుదరదు. మట్టిపని చేసేవాళ్లకు బట్టీలు కావాలి, ప్రింట్ చేసేవాళ్లకు ప్రెస్సులు కావాలి. ఏడాదికి 50,000 డాలర్లు దాటిన ట్యూషన్ ఫీజుతో కూడా అది నడవాలంటే సీట్లు నిండాలి. 2013లో 2,000 మంది దాకా ఉన్న విద్యార్థులు పదేళ్లలో దాదాపు సగమయ్యారు. మధ్యలో కోవిడ్ వచ్చింది. ఈశాన్య అమెరికాలో కాలేజీ వయసు పిల్లల సంఖ్యే తగ్గుతోంది. అప్పుచేసి కళలు చదవాలంటే తల్లిదండ్రులకు భయం పెరిగింది.

మరి యూనివర్సిటీకి శాశ్వత నిధి లేదా అంటే, ఉంది. కోట్ల డాలర్లలోనే ఉంది. అందులో చాలా భాగం దాతలు ఫలానా స్కాలర్‌షిప్‌కని, ఫలానా విభాగానికని షరతు పెట్టి ఇచ్చింది. దాన్ని జీతాలకో కరెంటు బిల్లుకో తీయడానికి చట్టం ఒప్పుకోదు. బయటికి డబ్బున్న సంస్థలా కనిపిస్తూనే లోపల నెల గడవని పరిస్థితి వచ్చేది ఇందువల్లే. ఇది ఈ ఒక్క చోటి కష్టం కూడా కాదు. అదే బ్రాడ్ స్ట్రీట్ మీద ఉన్న పెన్సిల్వేనియా అకాడమీ ఆఫ్ ద ఫైన్ ఆర్ట్స్, డిగ్రీ కోర్సులు ఆపేస్తున్నట్టు 2024 జనవరిలోనే చెప్పింది.

డబ్బు లేకపోవడాన్ని అర్థం చేసుకోగలను. ఏడు రోజుల గడువును మాత్రం నేను అర్థం చేసుకోలేను. మునిగే సంస్థ కూడా ఒక ఏడాది ముందు చెప్తే చివరి సంవత్సరం పిల్లలు డిగ్రీ పూర్తి చేసుకుంటారు, మిగతావాళ్లు ఇంకో చోట సీటు చూసుకుంటారు. అధ్యాపకుల యూనియన్ ఏళ్లపాటు పోరాడి తన మొదటి ఒప్పందం సాధించుకున్నదీ ఆ ఏడాదే. దాని సిరా ఆరకముందే ఉద్యోగాలే లేకుండా పోయాయి.

తర్వాత టెంపుల్, డ్రెక్సెల్, మూర్ వంటి పొరుగు విద్యాసంస్థలు విద్యార్థులను చేర్చుకున్నాయి. డాన్స్‌లో ఒక బృందం వెర్మాంట్‌లోని బెన్నింగ్టన్ కాలేజీకి వెళ్లింది. టెంపుల్‌తో విలీనం గురించి కొన్నాళ్లు మాటలు నడిచి ఆగిపోయాయి. 2024 సెప్టెంబరులో యూనివర్సిటీ చాప్టర్ 7 కింద దివాలా పిటిషన్ వేసింది. అంటే ఇక నిలబెట్టే ప్రయత్నం ఉండదు, ఉన్నవి అమ్మి బాకీలు తీర్చడమే. బ్రాడ్ స్ట్రీట్ మీద యూనివర్సిటీకి ఉన్న ఇంకో భవనం టెర్రా హాల్‌ను టెంపుల్ యూనివర్సిటీ 1.8 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. హామిల్టన్ హాల్‌ను కొన్నది, దక్షిణ ఫిలడెల్ఫియాలో మూతపడ్డ బోక్ అనే పాత బడిని కళాకారుల, చేతిపనివాళ్ల వర్క్‌షాపులుగా మార్చిన స్థానిక సంస్థ. రాతి స్తంభాలు, వాటి కింది మెట్లు అలాగే ఉన్నాయి.