బెంగాలీ దుర్గాపూజ: మనవాళ్ళ అపోహలు, అసలు సంగతులు

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో పౌరోహిత్యం చేస్తాను. ఇక్కడి దుర్గాపూజలో తంత్రధారకుడిగా కూర్చుంటాను. అంటే పూజారి పక్కనే ఉండి, పద్ధతి పుస్తకం చూసి మంత్రం అందించడం నా పని. ఆంధ్ర నుంచి వచ్చే చుట్టాలు ఏటా ఇవే అడుగుతారు.

"ఈరోజు ఏ అలంకారం?" ఇంద్రకీలాద్రిలో లాగా ఇక్కడ రోజుకో అలంకారం ఉండదు. షష్ఠి నుంచి దశమి దాకా అదే మహిషమర్దిని.

అపోహ: గణపతి పక్కన చీర కట్టిన అరటిచెట్టు ఆయన భార్య.

చాలామంది బెంగాలీలు కూడా ఆమెను 'కొలా బౌ' (అరటి వధువు) అంటూ ఇలాగే చెప్పేస్తారు. కాదండీ, ఆమె సాక్షాత్తు దుర్గ. శాస్త్రంలో పేరు నవపత్రిక. అరటి, చేమ, పసుపు, జయంతి, మారేడు, దానిమ్మ, అశోకం, మానచేమ, వరి. ఈ తొమ్మిదింటినీ అపరాజిత తీగతో కట్టి, సప్తమి పొద్దున్నే నదికో చెరువుకో తీసుకెళ్ళి స్నానం చేయించి, ఎర్రంచు తెల్లచీర కడతాం. అరటిలో బ్రహ్మాణి, వరిలో లక్ష్మి, ఇలా ఒక్కో మొక్కకు ఒక్కో దేవి. మండపంలో అందరూ సెల్ఫీలు తీసుకునేది విగ్రహంతోనే. ఒక్క నిమిషం ఈమె ముందు కూడా నిలబడండి.

అపోహ: విగ్రహాన్ని నీళ్ళలో కలపడమే విసర్జనం.

మంత్రపూర్వకమైన విసర్జనం దశమి పూట మండపంలోనే అయిపోతుంది. అమ్మవారి ప్రతిబింబం పడేలా అద్దం పెట్టి, నీళ్ళ పాత్రలో ఆ అద్దానికి చేస్తాం. సప్తమినాటి మహాస్నానమూ అద్దానికే. మట్టి విగ్రహం మీద నీళ్ళు పోయలేం కదా! ఆడవాళ్ళు ఒకరికొకరు సిందూరం పూసుకునే సిందూర్ ఖేలా, ఊరేగింపు ఆ తర్వాతే.

అపోహ: చేపలు, మాంసం తింటారు కాబట్టి నిష్ఠ తక్కువ.

ఈ మాట వింటే నాకు బాధేస్తుంది. ఇది శాక్తుల, అంటే శక్తిని కొలిచేవాళ్ళ నేల. కొన్ని పాత ఇళ్ళలో అమ్మవారి నైవేద్యంలోనే చేప ఉంటుంది. అష్టమినాడు పుష్పాంజలి అయ్యేదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టనివాళ్ళను ఎంతోమందిని చూస్తాను. అష్టమి చివరి 24 నిమిషాలు, నవమి మొదటి 24 నిమిషాలు కలిపి సంధిపూజ. 108 దీపాలు, 108 తామరలు. అది అర్ధరాత్రి పడినా మండపం నిండిపోతుంది.

చూడాలనుకుంటే టైమ్ ముందే కనుక్కోండి. కొందరు విశుద్ధ సిద్ధాంత పంచాంగం, కొందరు గుప్తప్రెస్ పంచాంగం పాటిస్తారు. పక్కపక్క మండపాల్లోనే వేళ మారిపోవచ్చు.