పియానో తీగకు చింతపండు పనికిరాదు

హనుమకొండలో మా చుట్టాలింట్లో గోడకానించిన పాత నిలువు పియానో ఒకటి ఉంది. కుడివైపు మెట్లు (వేళ్ళతో నొక్కే మీటలు) ఇప్పటికీ గణగణమంటాయి. ఎడమ చివరకొస్తే మాత్రం దిండు మీద గుద్దినట్టు ‘దబ్’. కింది పలక తీసి టార్చి వేసి చూశాను. రాగి తీగలు నల్లబడ్డాయి, అక్కడక్కడ పచ్చగా చిలుము. పెద్దమ్మ తొంగిచూసి, “జర చింతపండు వెట్టి తోమరాదురా, బిందె తీరు మెరుస్తది” అన్నది.

ఆ పని మాత్రం చెయ్యకూడదు. ఎందుకో తెలియాలంటే అసలక్కడ రాగి ఎందుకు చుట్టారో చూడాలి.

లావూ బిగువూ మారకుండా తీగ పొడవు రెట్టింపు చేస్తే స్వరం ఒక స్థాయి, అంటే ఒక ‘స’ నుంచి దాని కింది ‘స’కు, దిగుతుంది. పియానోలో 88 మెట్లు. అన్నిటికన్నా పై స్వరం తీగ సుమారు 5 సెంటీమీటర్లు. అక్కణ్ణుంచి ఏడు స్థాయులు దిగాలంటే 640 సెంటీమీటర్లు కావాలి! నిలువు పియానో ఎత్తే 120, 130. మంద్రపు తీగలను మిగతా వాటి మీదుగా ఏటవాలుగా కట్టినా చాలదు. ఇక మిగిలింది బరువు పెంచడమే. ఉక్కునే లావు చేస్తే అది కడ్డీలా బిర్రబిగుస్తుంది, అతిస్వరాలు (అసలు స్వరంతో పాటే సన్నగా మోగే పై స్వరాలు) శ్రుతి దాటి పైకి పోతాయి. అందుకని నడుమ ఉక్కు, చుట్టూ రాగి. లాగుడు ఉక్కుది, బరువు రాగిది. వీణ మంద్రపు తీగలకు చుట్టు ఉండేదీ ఇందుకే.

చిక్కంతా ఆ చుట్ల సందుల్లోనే. తీగ ఊగినప్పుడు చుట్లు ఒకదానికొకటి కొంచెం కదలాలి. దుమ్మూ జిడ్డూ చేరితే ఆ కదలిక రాపిడిలో పోతుంది. ముందు చచ్చేవి వేగంగా ఊగే అతిస్వరాలు. అట్టడుగు స్వరం సెకనుకు 27.5 కంపనాలు, చిన్న పియానోలో తీగల ఊపును గాలికి అందించే చెక్కపలక దాన్ని సరిగా పలికించలేదు. అతిస్వరాలు విని మన చెవే ఆ కింది స్వరాన్ని పూరించుకుంటుంది. అవే లేకపోతే మిగిలేది దబ్బే.

చింతపండు పులుసు పైన మెరిపిస్తుంది కానీ, సందుల్లోంచి లోపలి ఉక్కుకు దిగి తుప్పు పట్టిస్తుంది. చేతి చెమటా అంతే, తీగను వేళ్ళతో ముట్టొద్దు. మన దగ్గర ఇంకో శత్రువు కూలర్. మే నెల ఎండకు తాళలేక పియానో ఉన్న గదిలోనే పెడతాం, తడిగాలి నేరుగా తీగల మీదికి!

శ్రుతి చేసే మనిషి వచ్చి ఒక తీగ వదులు చేసి, కింది కొక్కెం నుంచి తప్పించాడు. వదులుగా ఉంగరంలా వంచి, ఆ వంపును తీగ పొడవునా పైకీ కిందికీ నడిపించాడు. తర్వాత చుట్టు తిరిగిన వైపే ఒక మెలి తిప్పి మళ్ళీ తగిలించాడు. ఇది మనం ఇంట్లో చేసుకునే పని కాదు: బిగిస్తే ఒక్కో తీగ మీద డెబ్బై, ఎనభై కిలోల లాగుడు. ఉక్కు తుప్పు పట్టి ఉంటే పుటుక్కుమంటుంది. అప్పుడు లోపలి తీగ లావు, చుట్టు లావు కొలిచి కొత్తది చేయించాల్సిందే.

మాది తెగలేదు. మెట్టు నొక్కితే ఖంగుమంది. కింద పరిచిన పేపరు మీద నల్లని పొడి. పెద్దమ్మ వేలితో అద్ది చూసి, “గిదంత లోపట్నే ఉన్నదా!” అన్నది.