ఆ సినిమాలో అమ్మమ్మ ఎవరిని చూసింది?

చిరంజీవులైన నా మనవలకు, మనవరాళ్లకు,

అమ్మమ్మ ఆశీస్సులు. మొన్న ఫోనులో మీరడిగినదానికి తీరిగ్గా జవాబు రాయాలనిపించింది. ఆ పల్లెటూరి బడిపిల్లల సినిమాలో ఎవరూ చనిపోలేదు, కొట్లాటలు లేవు, మరి అమ్మమ్మ కళ్లెందుకు తుడుచుకుంది అని కదా మీ అనుమానం!

మీ వయసులో అలాంటి సినిమా చూస్తే కళ్లు పిల్లల వెంటే పరుగెడతాయి. మాస్టారికి దొరికిపోతారా, తప్పించుకుంటారా అన్నదే ధ్యాస. పెద్దయ్యాక గడపలో నిలబడిన తల్లి కనిపిస్తుంది. కొడుకు చదువుకోవడానికి పట్నం వెళ్తుంటే ఆమె ఒక్క మాటా మాట్లాడకుండా పెట్టె సర్దింది చూశారా? మీరు అప్పుడే మంచినీళ్ల కోసం లేచారు. నాకేమో ఆ పచ్చడి సీసాకు గుడ్డ ఎందుకంత బిగించి కట్టిందో కూడా తెలుసు. మీ అమ్మను హాస్టలుకు పంపిన రోజు నేనూ అలాగే సర్దాను.

ఇంకో సంగతి ఉంది. నడివయసు దాటినవారిని జ్ఞాపకాలు చెప్పమంటే పదేళ్లకూ ముప్పై ఏళ్లకూ మధ్య జరిగినవే ఎక్కువగా చెబుతారని మనస్తత్వ శాస్త్రజ్ఞులు గమనించారు. మొదటి స్నేహం, ఒంటరిగా తొలి బస్సు ప్రయాణం, మొదటి జీతం, అన్నీ అప్పటివే కదా. ఆ వయసు పిల్లలను తెర మీద చూపిస్తే చాలు, దర్శకుడు చెప్పని కథను కూడా మేమే అల్లుకుంటాం.

అయితే ఆ అల్లికను పూర్తిగా నమ్మకండి. నా చిన్నప్పుడు మక్తల్ దగ్గర మా ఊరికి టూరింగ్ టాకీసు వచ్చేది. ఆ రీళ్ల యంత్రం సెకనుకు 24 బొమ్మలు చూపిస్తుంది. ఒక బొమ్మ జరిగి మరొకటి వచ్చేలోపు వెలుగు పడకుండా ఒక రెక్క అడ్డం తిరుగుతుంది. అంటే ఆటలో దాదాపు సగంసేపు తెర మీద చీకటే. చూసేవారికి మాత్రం ఆ చీకటి తెలియదు. చిన్ననాటి జ్ఞాపకమూ అలాంటిదే.

మా బడివాళ్లు సంక్రాంతి ముందు మహబూబ్‌నగర్ దగ్గరున్న పిల్లలమర్రికి తీసుకెళ్లారు. ఏడు వందల ఏళ్లనాటిదని చెప్పుకునే ఆ మర్రి ఊడల కింద తరగతి మొత్తం అన్నాలు తిన్నట్టు నాకు ఎంతో కమ్మగా గుర్తుంది. కానీ తరగతి మొత్తం అక్కడ ఉండే అవకాశమే లేదు! దీపావళి దాటేసరికి మా పాలమూరు, అంటే మహబూబ్‌నగర్ ప్రాంతపు పల్లెలు సగం ఖాళీ అయ్యేవి. వానలు లేక, చేను పండక, కూలీలను పనులకు తీసుకెళ్లే గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీసుకుని కుటుంబాలకు కుటుంబాలే ఆనకట్టల పనులకూ కాలువ పనులకూ బొంబాయికీ వెళ్లిపోయేవి. కొందరు పిల్లలు ముసలివాళ్ల దగ్గర ఉండిపోయేవారు. మిగిలినవారు తల్లిదండ్రుల వెంట వెళ్లి అక్కడే మట్టి తట్టలెత్తేవారు. హాజరు పట్టీలో పేర్లు ఉండేవి, పిలిస్తే పలికేవారు ఉండేవారు కాదు. దేశంలో ఎన్నో ప్రాజెక్టులు పాలమూరు కూలీల చేతుల మీదుగా లేచాయి. ఆ చేతుల్లో నా ఈడు పిల్లలవీ ఉన్నాయి. నేను ఆడుకున్న ఏడాదే వాళ్లు రాళ్లు మోశారు. ఇది తలచుకున్నప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది.

అందుకే బాల్యమంటే మామిడితోపులూ ఈతలూ మాత్రమే అన్నట్టు చూపే సినిమాలు నాకు అంతగా నచ్చవు. వెళ్లిపోయిన పిల్ల కూర్చున్న చోటును ఒక్కసారైనా చూపిన సినిమా అంటే గౌరవం. మనం చూసినదానిలో అది ఉంది. వెనుక వరుసలో రిబ్బను లేని జడతో కూర్చునే పిల్ల సగం సినిమా అయ్యాక మళ్లీ కనిపించదు. ఆమె ఎటు వెళ్లిందో ఎవరూ చెప్పరు.

దసరాకు వచ్చినప్పుడు మళ్లీ చూద్దాం. ఆ పిల్ల ఎక్కడికి వెళ్లి ఉంటుందో మీలో ఒక్కొక్కరూ ఒక్కో కథ రాసుకుని రండి. తాతయ్య కూడా వింటానంటున్నారు.

మీ
అమ్మమ్మ