పుట్టగానే పోయే క్వార్క్‌ని ఎలా పట్టుకున్నారు?

హైదరాబాద్

ప్రియమైన పిల్లలకు,

సైన్స్ డే నాడు నేను బాటమ్ క్వార్క్ గురించి చెబుతుంటే మీలో ఒక అమ్మాయి లేచి, "అది పుట్టీ పుట్టగానే పోతుంది కదా తాతయ్యా, మరి ఉందని ఎలా తెలిసింది?" అని అడిగింది. ఇంతలో బెల్లు కొట్టేశారు. అంత మంచి ప్రశ్నకు జవాబు బాకీ పెట్టడం నాకిష్టం లేదు.

పదార్థం తయారయ్యే అతి చిన్న కణాల్లో క్వార్కులు ఒక జాతి. అవి ఆరు రకాలు. మన ఒంట్లో ఉన్న ప్రోటాన్లు, న్యూట్రాన్లు తేలికైన అప్, డౌన్ క్వార్కులతో తయారైనవే. ఇంకోటి స్ట్రేంజ్. బరువైనవి మూడు: 1974లో చార్మ్, 1977లో బాటమ్, 1995లో టాప్ దొరికాయి. బాటమ్ క్వార్క్ ఒంటరిగా కనబడదు. తేలికైన యాంటీక్వార్క్‌తో (క్వార్క్‌కి వ్యతిరేక ఛార్జి ఉన్న జోడీ కణంతో) జతకట్టి బి మెసాన్ అనే కణం అవుతుంది. సెకనును లక్ష కోట్ల ముక్కలు చేస్తే, దాని సగటు ఆయుష్షు ఒకటిన్నర ముక్క!

ఇంత తక్కువ కాలాన్ని మామూలు గడియారాలు కొలవలేవు. అందుకని దూరం కొలుస్తారు. జపాన్‌లోని సుకుబాలో మూడు కిలోమీటర్ల చుట్టుకొలత ఉన్న రింగులో ఎలక్ట్రాన్లనూ, వాటి యాంటీకణాలైన పాజిట్రాన్లనూ ఎదురెదురుగా తోలి ఢీకొట్టిస్తారు. ఆ ఢీలోంచి బి మెసాన్లు పుడతాయి. రెండిటికీ ఒకే శక్తి ఇస్తే బి మెసాన్లు దాదాపు పుట్టినచోటే పోతాయి, కొలవడానికేమీ మిగలదు. అందుకే కావాలనే ఎలక్ట్రాన్‌కి 7 జీఈవీ (కణాల శక్తిని కొలిచే కొలమానం), పాజిట్రాన్‌కి 4 జీఈవీ ఇస్తారు. కదిలే సిటీ బస్సు దిగినవాడు నాలుగడుగులు ముందుకు పోయినట్టు, బి మెసాన్ కూడా ఆ ఊపుకి కాస్త ముందుకెళ్ళి విడిపోతుంది. ఆ కాస్త ఎంతనుకున్నారు? సగటున మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. దాన్నుంచి వచ్చిన కణాలు చుట్టూ ఉన్న సిలికాన్ పొరల్ని దాటుతూ గుర్తులు వదులుతాయి. ఆ గుర్తుల్ని కలుపుతూ గీతల్ని వెనక్కి పొడిగిస్తే అవి ఎక్కడ కలుస్తాయో అక్కడే బి మెసాన్ పోయిందన్నమాట. ఫిజిక్స్‌లో ఇంతకంటే అందమైన ఉపాయం నేనైతే చూడలేదు.

బెల్-2 అనే ఈ ప్రయోగంలోని సిలికాన్ పొరల్లో ఒకదాన్ని ముంబైలోని మన టాటా పరిశోధనా సంస్థ (టీఐఎఫ్ఆర్) బృందమే కూర్చింది. మన కందిలోని ఐఐటీ హైదరాబాద్‌ వాళ్ళూ ఇందులో పనిచేస్తున్నారు.

ఇంత కష్టం దేనికంటే, పదార్థానికీ యాంటీపదార్థానికీ ప్రవర్తనలో తేడా ఎందుకో తెలుసుకోవడానికి. క్వార్కులు మూడే తెలిసిన 1973లో జపాన్ శాస్త్రవేత్తలు కొబయాషి, మస్కావా క్వార్కులు ఆరుంటే ఆ తేడా వస్తుందని లెక్కగట్టారు. 2001లో బి మెసాన్లలో ఆ తేడా నిజంగానే కనబడింది, 2008లో వాళ్ళిద్దరికీ నోబెల్ వచ్చింది. కానీ విశ్వంలో యాంటీపదార్థం దాదాపు లేకుండా పోవడానికి ఆ తేడా ఒక్కటే చాలదు. మిగతాది ఇంకా వెతుకుతూనే ఉన్నారు.

హైస్కూలు పిల్లలకి అసలు ప్రయోగాల డేటాని చేతికిచ్చి లెక్కలు చేయించే మాస్టర్‌క్లాసులు ఏటా చాలా దేశాల్లో జరుగుతాయి. మన సర్కారు బడుల్లోనూ జరగాలని నా కోరిక, అదీ తెలుగులో. మీ ఫిజిక్స్ టీచర్‌ని అడిగి చూడండి. ఆయన ఒప్పుకుంటే నేనొచ్చి కూర్చుంటాను. ఈలోగా వచ్చిన సందేహాలన్నీ కాగితం మీద రాసి పెట్టుకోండి.

మీ తాతయ్య