నాలుగు వైపులా గుజరాత్, నడుమ దాద్రా

బ్రాడీపేట, గుంటూరు

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్లకు తాతయ్య ఆశీర్వదించి వ్రాయునది.

పటంలో నాలుగు వైపులా గుజరాతే ఉన్న దాద్రా గుజరాత్‌లోనిది ఎందుకు కాలేదని మొన్న అడిగారు. ఫోనులో తేలే సంగతి కాదు కనుక ఈ ఉత్తరం వ్రాస్తున్నాను.

దాద్రా అంటే ఒక ఊరు, దాని పక్కనున్న డెమ్ని, తీఘ్రా పల్లెలు, అంతే. కొంచెం ఎడంగా నగర్ హవేలీ ఉంటుంది. మరాఠాల ఏలుబడిలో ఉన్న ఈ రెండింటిలో నగర్ హవేలీ 1783లోనూ, దాద్రా 1785లోనూ పోర్చుగీసువారి చేతికి వచ్చాయి. నిజానికి మరాఠాలు ఇచ్చింది ఆ ఊళ్ల శిస్తు వసూలు చేసుకునే హక్కు మాత్రమే. తరువాత వచ్చిన ఆంగ్లేయులు అభ్యంతరం చెప్పకపోవడంతో శిస్తు హక్కు కాస్తా ఏలుబడి హక్కుగా స్థిరపడింది. సర్వే శాఖలో పనిచేసినవాడిగా చెబుతున్నాను, హద్దు రాళ్ల తగాదాల్లో సగం ఇలా ఊరుకోవడం వల్లనే పుడతాయి.

అయితే అసలు చిక్కు హద్దులో లేదు, దారిలో ఉంది. మన కాకుమాను వైపు నలుగురి పొలాల నడుమ చిక్కిన చేను చూశారు కదా. డొంక లేకపోతే ఆ రైతు మిరప టిక్కీలను ట్రాక్టరుకు ఎక్కించాలన్నా పక్కవాడి పత్తి చేలో నుంచే మోయించాలి, పక్కవాడు కాదంటే పంట కల్లంలోనే ఉండిపోతుంది. పోర్చుగీసువారి పరిస్థితి సరిగ్గా అదే. వారి అధికారులుండే డామన్ సముద్రపు ఒడ్డున ఉంది, అక్కడి నుంచి దాద్రాకు రావాలంటే భారతదేశపు నేల దాటి తీరాలి.

1954 జూలైలో జాతీయవాదులు దాద్రాను, ఆగస్టు మొదట్లో నగర్ హవేలీని విడిపించినప్పుడు భారత ప్రభుత్వం పోర్చుగీసువారికి దారి ఇవ్వలేదు. పోర్చుగల్ 1955లో అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లింది. 1960 ఏప్రిల్ 12న వచ్చిన తీర్పు నాకు చాలా నచ్చుతుంది. మామూలు జనానికి, సివిల్ అధికారులకు, సరుకులకు దారి హక్కు ఉన్నదని, సైన్యానికీ ఆయుధాలకూ లేదని, అప్పటి ఉద్రిక్తతలో భారతదేశం దారి ఆపడం తప్పు కాదని న్యాయమూర్తులు తేల్చారు.

1954 నుంచి 1961 వరకు అక్కడ వరిష్ఠ పంచాయతీ అనే స్థానిక పాలక మండలి పాలన సాగింది. విలీన పత్రంపై నెహ్రూగారితో సమానంగా సంతకం చేయడానికి కె.జి. బద్లానీ అనే ఐ.ఎ.ఎస్. అధికారిని ఆ ప్రాంతానికి ఒక్కరోజు ప్రధానమంత్రిని చేశారు! అలా భారతదేశంలో కలిసిన దాద్రా, నగర్ హవేలీ పక్క రాష్ట్రంలో భాగం కాకుండా, 1961 ఆగస్టు 11న కేంద్రపాలిత ప్రాంతమయ్యాయి. 2020 జనవరి 26 నుంచి డామన్, డయ్యూలతో కలిసి ఒకే కేంద్రపాలిత ప్రాంతంగా ఉన్నాయి.

నగర్ హవేలీ లోపల మళ్లీ గుజరాత్‌కు చెందిన మాఘ్‌వాల్ అనే పల్లె ఒకటుంది. ఆ ఊరివాళ్లు సొంత రాష్ట్రపు ఆఫీసులో పని ఉండి బయలుదేరితే కేంద్రపాలిత నేల దాటవలసిందే. రెండూ ఒకే దేశంలోవి కనుక వారిని ఆపి, దారి అడిగేవారెవరూ లేరు.

ఇట్లు,
మీ తాతయ్య