ఫోన్ ట్యాపింగ్: అడిగేదీ వాళ్లే, అనుమతి ఇచ్చేదీ వాళ్లే

తెలంగాణ ఫోన్ ట్యాపింగ్ కేసులో జనం నోట ఎక్కువగా నానింది హార్డ్ డిస్కుల సంగతి. 2023 డిసెంబర్ 3న ఎన్నికల ఫలితాలు వచ్చాయి. ఆ మర్నాడు రాత్రి స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్రాంచ్ (ఎస్‌ఐబీ) ఆఫీసులో డిస్కులు ధ్వంసం చేసి మూసీలో పడేశారన్నది పోలీసుల అభియోగం. 2024 మార్చిలో పంజాగుట్ట స్టేషన్‌లో కేసు నమోదైంది. ఎస్‌ఐబీ ఉన్నదే మావోయిస్టుల మీద నిఘాకు. ఆ పేరుతోనే అప్పటి ప్రతిపక్ష నాయకులు, వాళ్ల చుట్టుపక్కల వాళ్ల నంబర్లను కూడా జాబితాలో చేర్చారని దర్యాప్తు అధికారులు అంటున్నారు. అది నిజమో కాదో కోర్టు తేల్చాలి. కానీ అలా చేర్చడానికి సందు ఎక్కడ దొరికిందో తెలియాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

1885 టెలిగ్రాఫ్ చట్టం తెల్లదొరలు తమ అవసరానికి రాసుకున్నది. ‘ప్రజా అత్యవసర పరిస్థితి’ వచ్చినా, ‘ప్రజా భద్రత’ కోసమైనా సందేశాలను అడ్డగించే అధికారం అందులోని 5వ సెక్షన్ ప్రభుత్వానికి ఇచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక కూడా దాన్ని తీసెయ్యాలని ఎవరికీ తోచలేదు. 1972లో సవరించి దేశ సార్వభౌమత్వం, భద్రత, శాంతిభద్రతలు వంటి కారణాలు చేర్చారు. ఎవరు అనుమతి ఇవ్వాలి, ఎన్నాళ్లు వినొచ్చు అన్న నియమాలు మాత్రం రాయలేదు.

దాంతో ఎవరు అధికారంలో ఉంటే వాళ్ల ఇష్టం. 1988లో కర్ణాటకలో ట్యాపింగ్ గొడవ ముదిరి ముఖ్యమంత్రి రామకృష్ణ హెగ్డే రాజీనామా చేశారు. నాయకుల ఫోన్ల ట్యాపింగ్ మీద సీబీఐ ఇచ్చిన నివేదిక 1991లో ఒక పత్రికలో బయటికొచ్చింది. 111 నంబర్లను అనుమతి లేకుండానే 180 రోజులు దాటి విన్నారని, కొన్నిటికి అసలు ఉత్తర్వు కాగితమే దొరకలేదని అందులో ఉంది. పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ దాన్ని పట్టుకుని సుప్రీంకోర్టుకు వెళ్లింది.

1996 డిసెంబర్ 18న తీర్పు వచ్చింది. ఫోన్‌లో మాట్లాడుకోవడం గోప్యత హక్కులో భాగమని జస్టిస్ కుల్దీప్ సింగ్ ధర్మాసనం చెప్పింది. హోం కార్యదర్శి ఉత్తర్వు ఉండాలి, అది 2 నెలలకే చెల్లుతుంది, పొడిగించినా 6 నెలలు దాటకూడదు, పైన ఒక సమీక్షా కమిటీ ఉండాలి అంది. అంతా బాగానే ఉంది. కానీ ముందుగా జడ్జి అనుమతి తీసుకోవాలన్న వాదనను మాత్రం ఒప్పుకోలేదు. అసలు కీలకం అక్కడే జారిపోయిందని నా అభిప్రాయం. ఈ మార్గదర్శకాలను టెలిగ్రాఫ్ నియమాల్లో 419ఎ నిబంధనగా రాయడానికి ప్రభుత్వానికి 1999 దాకా తీరిక దొరకలేదు.

ఇప్పుడు ఆ సమీక్షా కమిటీ సంగతి చూడండి. కేంద్రంలో కేబినెట్ కార్యదర్శి, రాష్ట్రంలో ప్రధాన కార్యదర్శి అధ్యక్షులు. మిగతా ఇద్దరూ కార్యదర్శులే. బయటి మనిషి ఒక్కడూ లేడు. కేంద్ర కమిటీ 2 నెలలకోసారి కూర్చుని 15,000 నుంచి 18,000 ఉత్తర్వులు పరిశీలించాల్సి వస్తోందని 2018లో డేటా రక్షణపై వేసిన జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ రాసింది. ఒక్కో దానికి నిమిషం చొప్పున వేసుకున్నా 15,000కే 250 గంటలు. టీ తాగకుండా, నిద్రపోకుండా పది రోజుల పైమాటే. సమీక్ష ఎలా జరుగుతుందో ఇక వేరే చెప్పాలా?

2017లో తొమ్మిది మంది జడ్జీలు గోప్యతను ప్రాథమిక హక్కు అన్నారు. 2019లో ఒక లంచం కేసులో ట్యాపింగ్ ఉత్తర్వులను బాంబే హైకోర్టు కొట్టేసింది, లంచం పట్టుకోవడం ప్రజా భద్రత కిందికి రాదని. 2021లో పెగాసస్ అనే నిఘా సాఫ్ట్‌వేర్ (స్పైవేర్) గొడవ బయటికొచ్చింది. ఇందులో లైన్ ట్యాప్ చెయ్యడమంటూ లేదు, ఫోన్‌నే లోపలి నుంచి స్వాధీనం చేసుకుంటారు. ఆ స్పైవేర్ వాడారా లేదా అంటే కేంద్రం సూటిగా జవాబివ్వలేదు, దేశ భద్రత అంది. ఆ మాట ఎత్తినంత మాత్రాన ప్రతిసారీ వదిలేయలేమని అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ ధర్మాసనం గట్టిగానే చెప్పి కమిటీ వేసింది. 2022 ఆగస్టుకు తేలిందేమిటి? 29 ఫోన్లు చూస్తే అయిదింట్లో ఏదో మాల్‌వేర్ ఉంది, అది పెగాసస్ అని మాత్రం చెప్పలేం. ప్రభుత్వం సహకరించలేదని కూడా కమిటీ చెప్పింది.

టెలిగ్రామ్ సేవలు 2013లోనే ఆగిపోయినా, ఆ పాత చట్టం స్థానంలోకి 2023లో గానీ టెలికమ్యూనికేషన్ల చట్టం రాలేదు. అందులోని 20వ సెక్షన్‌లోనూ అవే రెండు మాటలు: ప్రజా అత్యవసర పరిస్థితి, ప్రజా భద్రత. 2024 డిసెంబర్‌లో 419ఎ పోయి కొత్త నిబంధనలు వచ్చాయి. కమిటీలో మళ్లీ కార్యదర్శులే.

అమెరికాలో నేర దర్యాప్తు కోసం ఫోన్ వినాలంటే జడ్జి ఉత్తర్వు కావాలి, ట్యాపింగ్ ముగిశాక సాధారణంగా 90 రోజుల్లోపు ఆ మనిషికి చెప్పాలి. మన దగ్గర చెప్పాలన్న నియమమే లేదు. పైగా అవసరం తీరిన రికార్డులను 6 నెలలకోసారి చెరిపెయ్యమని నిబంధనే చెబుతోంది. తెలంగాణ కేసులో తమ నంబర్ జాబితాలో ఉందని చాలామందికి తెలిసింది సిట్ (ప్రత్యేక దర్యాప్తు బృందం) వాంగ్మూలం ఇవ్వమని కబురు పెట్టాకే.