విశాఖ ఎయిర్‌పోర్టు: ముడి పడింది 2018 జనవరిలో

విజయనగరం జిల్లా భోగాపురంలోని కొత్త ఎయిర్‌పోర్టుకు తరలింపు మాట వచ్చిన ప్రతిసారీ విశాఖలో ఒకటే గొడవ. ఎన్‌ఏడీ కొత్తరోడ్డు పక్కనున్న ఎయిర్‌పోర్టును పౌర విమానాలకు పూర్తిగా మూసేస్తారా, కొన్ని సర్వీసులైనా ఉంచుతారా? చాలామంది దీన్ని దూరాభారం తగాదాగానే చూస్తున్నారు. అంతకంటే ముఖ్యమైనది, ఎవరూ పెద్దగా గుర్తు చేసుకోనిది, 2018 జనవరిలో జరిగింది.

యుద్ధకాలపు ఎయిర్‌స్ట్రిప్, 1981లో మొదలైన పౌర విమానాలు అందరికీ తెలిసినవే. రన్‌వే నేవీది. ఐఎన్‌ఎస్ డేగా అనే ఆ నేవీ స్థావరంలో, ప్రభుత్వ సంస్థ అయిన ఎయిర్‌పోర్ట్స్ అథారిటీకి ఉన్నది టెర్మినల్, దాని చుట్టూ కొంత జాగా. 6,000 అడుగుల పాత రన్‌వే చాలక 2007 జూన్‌లో 10,000 అడుగులది అందుబాటులోకి వచ్చింది. 2009లో కొత్త టెర్మినల్ తెరిచారు. ఆ తర్వాతే సింగపూర్, కౌలాలంపూర్, కొలంబో, బ్యాంకాక్ విమానాలు వచ్చాయి. కానీ విమానం ఎప్పుడు దిగాలో, ఎప్పుడు ఎగరాలో తేల్చేది మాత్రం నేవీయే. శిక్షణ వేళల్లో పౌర విమానాలకు స్లాట్ దొరకదు. 2023 నవంబరులో రన్‌వే రీసర్ఫేసింగ్ (పైపొర కొత్తగా వేసే పని) మొదలయ్యాక నెలల తరబడి రాత్రి సర్వీసులు ఆగిపోయాయి. కొత్త ఎయిర్‌పోర్టు కావాలన్న వాదనకు బలం ఇక్కడి నుంచే వచ్చింది. అది కాదనలేని బలం.

2015లో భోగాపురం పేరు ఖరారయ్యేసరికి మొదట వినిపించిన లెక్క 15,000 ఎకరాలు. జీడి, కొబ్బరి, సరుగుడు తోటల రైతులు రోడ్డెక్కారు, కోర్టుకెళ్లారు. ఆ పోరాటం వల్లే లెక్క 2,700 ఎకరాల దగ్గరికి దిగింది. అయినా మరడపాలెం, ముడసర్లపేట, బొల్లింకలపాలెం, రెల్లిపేట ఊళ్లు ఖాళీ అయ్యాయి.

2017లో టెండరు పిలిస్తే ఆదాయంలో 30 శాతానికి పైగా వాటా ఇస్తామని ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ముందు నిలిచింది. అంటే పాత టెర్మినల్ నడుపుతున్న ప్రభుత్వ సంస్థే కొత్తదీ కట్టేది. 2018 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం ఆ టెండరును రద్దు చేసింది. విమానాల మరమ్మతు కేంద్రం వంటివి చేర్చి ప్రాజెక్టును పెంచాలన్నది చెప్పిన కారణం. మళ్లీ పిలిచిన టెండరు 2019లో ప్రైవేటు సంస్థ జీఎంఆర్‌కు దక్కింది. ఈసారి లెక్క ఆదాయ వాటా కాదు, ప్రయాణికుడికి 303 రూపాయల చొప్పున రాష్ట్రానికి చెల్లింపు.

నా దృష్టిలో ముడి పడింది ఇక్కడే. రెండు ఎయిర్‌పోర్టులూ ఒకే సంస్థ చేతిలో ఉంటే ఏ విమానం ఎక్కడ దిగాలన్నది ఆ సంస్థ ఇంటి వ్యవహారం. ఇద్దరి చేతుల్లోకి పోయాక పాతచోట మిగిలే ప్రతి ప్రయాణికుడూ కొత్తచోట తగ్గే ప్రయాణికుడే. కట్టినవారికి రాబడి తగ్గుతుంది, రాష్ట్రానికి 303 రూపాయలు తగ్గుతాయి. అందుకే మూసివేతపై ప్రభుత్వాలు మారినా మాట మారలేదు. 2019 ఫిబ్రవరిలో చంద్రబాబు, 2023 మేలో జగన్ ఒకే ప్రాజెక్టుకు రెండుసార్లు శంకుస్థాపన చేశారు. మధ్యలో 500 ఎకరాలు తగ్గించి 2020 జూన్‌లో జీఎంఆర్‌తో ఒప్పందం చేసుకున్నారు.

తరలింపు కావాలనేవారి వాదన: నేవీ ఆంక్షలుండవు, 3,800 మీటర్ల రన్‌వే వస్తుంది, విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలకు దగ్గరవుతుంది. 2008లో బేగంపేట మూసి శంషాబాద్‌కు వెళ్లినప్పుడు హైదరాబాద్ సర్దుకుందిగా అంటారు.

విశాఖవాసులు గోవాను చూపిస్తున్నారు. అక్కడి దబోలిమ్ కూడా నేవీ స్థావరమే. 2023 జనవరిలో మోపాలో కొత్త ఎయిర్‌పోర్టు తెరిచారు, దాన్ని నడిపేదీ జీఎంఆరే. అయినా దబోలిమ్‌లో పౌర విమానాలు దిగుతూనే ఉన్నాయి. అక్కడ కుదిరింది ఇక్కడ ఎందుకు కుదరదని అడుగుతున్నారు. గాజువాక, పరవాడ, అచ్యుతాపురం, అనకాపల్లి వైపు నుంచి బయల్దేరేవాళ్లు ఊరంతా దాటి, ఆపైన ఇంకా చాలా దూరం హైవే మీద పోవాలి. పొద్దున హైదరాబాద్ వెళ్లి రాత్రికి తిరిగొచ్చే ఉద్యోగికి గాల్లో గంట ప్రయాణం, రోడ్డు మీద అంతకు రెట్టింపు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు టెర్మినల్ సీలింగ్ ఊడి వేలాడింది, లోపలంతా నీళ్లు, చెత్త. అలాంటి చోట కొద్ది రోజుల్లోనే విమానాలు మళ్లీ నడిచాయి. ఆ రోజుల్ని ఈ ఊరు మరిచిపోలేదు.

భోగాపురం తెరుచుకున్నా డేగాలో రన్‌వే ఉంటుంది, నేవీ విమానాలు ఎగురుతూనే ఉంటాయి. మూతపడేది 2009లో తెరిచిన టెర్మినల్ ఒక్కటే.